బసవపున్నయ్య గారి అ

బస్సెక్కి కూర్చున్నారంటే చాలు, బసవపున్నయ్య గారు ఇక ఈ లోకంలో ఉండరు. ఆర్.కె. పురం నుంచి ఆఫీసుకి వెళ్లే బస్సులో ముప్పై ఏళ్లుగా ఆయనకి కిటికీ పక్క సీటే కావాలి. చలికాలం పొగమంచులో ఢిల్లీ అంతా మాయమైపోయి, ఎదురొచ్చే బస్సు దీపాలు రెండే కనపడే పొద్దుల్లో, ఆ తెల్లదనం మీద చూపుడువేలితో అక్షరాలు రాసుకుంటూ కూర్చునేవారు. అద్దం మీద కాదు, ఉత్త గాల్లో. పక్కన కూర్చున్నవాళ్లు మొదట్లో జంకి కాస్త దూరం జరిగేవారు. తర్వాత్తర్వాత అలవాటుపడ్డారు. స్టాపు రాగానే కండక్టరే భుజం తట్టి, "పండిత్‌జీ, దిగండి" అనేవాడు.

ఆయన పండితుడూ కాదు, పాడూ కాదు. కేంద్ర ప్రభుత్వం వారి పుస్తకాలు అచ్చువేసే ఒక ఆఫీసులో ఆర్టిస్టు. పేరు వింటే ఏదో గొప్పగా ఉంటుంది గానీ, పనల్లా తెలుగు పుస్తకాలకి అట్టమీద పేరూ, లోపల శీర్షికలూ కుంచెతో రాయడం. చీరాలలో కొట్లకి సైనుబోర్డులు రాసుకుంటున్న మనిషి, ఇరవై ఏడో ఏట ఈ ఉద్యోగం దొరికి వచ్చిపడ్డారు. అప్పట్లో పొడుగాటి హాల్లో పదమూడు భాషల ఆర్టిస్టులు వరసగా కూర్చునేవారు. ఎవరి అక్షరం వాళ్లకి ముద్దు. ఒకరు రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకర్ని వెయ్యడం మానేశారు, కంప్యూటర్లు వస్తున్నాయి కదా అని. తొంభై మూడు నాటికి హాల్లో ఐదు కుర్చీలు మిగిలాయి. బసవపున్నయ్య గారి రిటైర్మెంటు ఇంకో ఏడాదిలో పడింది.

ఆయనకో గర్వం ఉండేది. ఇంతా అంతా కాదు. ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరానికీ తెల్లరంగు పూసి దిద్దలేదు. పెన్సిలుతో ముందు గీసుకోవడం, దానిమీద రంగు నింపడం ఇవన్నీ ఆయనకి చిన్నతనం. కుంచె ముంచి, కాగితాన్ని కాసేపు చూసి, ఊపిరి బిగబట్టి ఒక్క తిప్పు తిప్పేవారు. అక్షరం అయ్యాకనే ఊపిరి వదిలేవారు. పెద్ద అక్షరాలకి మొహం ఎర్రబడిపోయేది. ఆయన బల్ల మీద ఆఫీసువాళ్లు ఇచ్చిన తెల్లరంగు సీసా మూత తియ్యకుండానే ఎండిపోయింది. దాన్ని పారెయ్యకుండా అందరికీ కనపడేట్టు పెట్టుకున్నారు చూడండి, అదీ ఆయన తత్వం.

ఆ ఏడాదే పెద్దవాళ్లకి చదువు చెప్పే వాచకం ఒకటి తెలుగులో వెయ్యాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. లక్షల కాపీలు. అక్షరాలు కంప్యూటర్లోవి కావాలి. నెహ్రూ ప్లేస్‌లో ఒక చిన్న కంపెనీకి ఆ పని అప్పజెప్పి, అక్షరాలు గీసిపెట్టడానికి బసవపున్నయ్య గారిని మూడు నెలలు అక్కడికి పంపారు. ఆ కాగితం చేతికందినప్పుడు ఆయనకి కళ్లు చెమర్చాయి. అట్టమీద రాసిన పేరు ఆ ఒక్క పుస్తకంతో పోతుంది. ఇది అలా కాదు. ఒకసారి గీస్తే మళ్లీ మళ్లీ, తను పోయాక కూడా అచ్చవుతూనే ఉంటుంది. పిల్లలు లేని ఇంట్లో ఇలాంటి ఆశ ఎంత పెద్దదో వేరే చెప్పాలా.

అదే వేసవిలో కుడిచెయ్యి మోసం మొదలుపెట్టింది. ముందు సాసరు మీద కప్పు టకటకలాడింది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. కుంచె పట్టుకుంటే మాత్రం ఇంకా మాట వింటోంది, ఊపిరి బిగబట్టినంతసేపూ. ఎన్నాళ్లు వింటుందో తెలియదు. ఈ సంగతి భార్య లలితకుమారికి కూడా చెప్పలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని తిరగడం నేర్చుకున్నారు. చెయ్యి పూర్తిగా చెడేలోపు అక్షరాలూ, గుణింతాలూ, వత్తులూ అన్నీ కాగితం మీద పడిపోవాలి, ఒక్కదాన్లో కూడా వణుకు కనపడకూడదు. అదొక్కటే ఆయన కోరిక. తర్వాత చెయ్యి ఏమైపోయినా ఆయనకి బెంగలేదు.

కంపెనీ నడిపేది పార్థసారథి అనే హైదరాబాదు ఇంజనీరు. ముప్పై ఐదేళ్లుంటాయి. మొదటిరోజే తాము తయారుచేసిన నమూనా తెర మీద చూపించాడు. అది చూసి బసవపున్నయ్య గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లు అంతకుముందు హిందీ అక్షరాలు చేసి ఉన్నారు. ఆ అలవాటు చొప్పున తెలుగు అక్షరాలన్నిటినీ పైన ఒక గీతకి కట్టేశారు. తలలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, అడుగులు మాత్రం ఒకటి పైకీ ఒకటి కిందికీ.

"తీగ మీద ఆరేసిన బట్టల్లా ఉన్నాయి బాబూ," అన్నారు. "హిందీ అక్షరం పైనుంచి వేలాడుతుంది. అది దాని అందం. మనది నేలమీద మఠం వేసుకుని కూర్చుంటుంది. కూర్చున్నవాళ్ల తలలు ఒకే ఎత్తున ఎందుకుంటాయి?"

పార్థసారథి బుర్ర గోక్కున్నాడు. "సరే సార్, కూర్చోబెడతం. గానీ ఇంకో కష్టం ఉంది. మెషీన్ల ఆకారాలు పెట్టనీకి రెండొందల చిల్లర గళ్లే ఉన్నయి. మన గుణింతాలు, వత్తులు అన్నీ విడిగా పెడితే సరిపోవు. అందుకే తలకట్టు ఒక్కటే చేసి అన్నిటికీ తగిలిస్తున్నం."

"అంటే ఊరందరికీ ఒకే టోపీ."

"అంతే అనుకోండి."

"క మీద తలకట్టు వాలి ఉంటుంది. ప మీద నిలబడి చూస్తుంది. గ మీద అసలు ఉందా లేదా అన్నట్టుంటుంది. ఎవరి తల వాళ్లది కదయ్యా."

వారం రోజులు వాదులాడుకున్నారు. చివరికి తొమ్మిది తలకట్ల దగ్గర బేరం తెగింది. వాటిలో ఏ అక్షరం మీద ఏది వాలాలో బసవపున్నయ్య గారు పట్టిక రాసి గోడకి అంటించారు.

ఆయన గీసిన కాగితాల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గీత చుట్టూ మౌసుతో చుక్కలు పెట్టి ఆ ఆకారాన్ని తెర మీదికి దించే పని ఇషితది. లక్ష్మీనగర్లో గది తీసుకుని ఉంటున్న లక్నో అమ్మాయి. తెలుగు ఒక్క ముక్క రాదు. ఇద్దరికీ మాటలన్నీ హిందీలోనే. మొదటి వారంలో ఆ పిల్ల ఒక వంపు కాస్త నునుపు చేస్తే బాగుంటుందని తన తెలివి ఉపయోగించింది. బసవపున్నయ్య గారు తెర వంక చూసి ముఖం గంటు పెట్టుకున్నారు.

"బేటీ, నా గీతలో నువ్వు దిద్దాల్సింది ఏమీ ఉండదు. అది ఎలా ఉందో అలా దించు. వెంట్రుకవాసి కూడా మార్చొద్దు. నా చేతిలో తప్పు రాదు."

"ఠీక్ హై అంకుల్," అంది ఇషిత బుద్ధిగా. ఆ రోజు నుంచి వెంట్రుకవాసి మార్చలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

అక్షరాల వాలకం మీద ఆయన చాలా ఆలోచించారు. కుంచెతో రాస్తే లావూ సన్నం వస్తాయి. బోర్డు మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ ఈ పుస్తకం చదివేవాళ్ల చేతిలో ఉండేది కుంచె కాదు, పలకా బలపం. బలపం గీతకి లావూ సన్నం తెలియదు. అందుకని గీతంతా ఒకే లావు, చివర్లు గుండ్రం. పైగా అచ్చయ్యేది చవక కాగితం మీద, సిరా పాకుతుంది. అక్షరం పొట్టలో సందు పూడుకుపోతే చదువు వచ్చినవాడు ఊహించుకుంటాడు, కొత్తగా నేర్చుకునే మనిషికి మాత్రం అది మసిమరక. లోపలి సందులన్నీ పెంచారు. రేకు తలుపుల కొట్లో కిటికీలు తెరిచినంత హాయిగా అనిపించింది ఆయనకి.

ఆదివారాలు మధ్యాహ్నం క్వార్టర్లో కూలరు ముందు నడుం వాల్చేవారు. తడిసిన వట్టివేళ్ల వాసన, బయట కాలనీలో ఒక్క మనిషి అలికిడి లేదు. ఆ కునుకులో అక్షరాలు వచ్చేవి. ఒక్కొక్కటే గుమ్మం దాటి, చెప్పులు విడిచి, గచ్చు మీద వరసగా కూర్చునేవి. ణ నెమ్మదిగా వచ్చేది, ఒళ్లు బరువు కదా. ఱ ఎప్పుడూ అందరికన్నా వెనక, పిలవకుండా వచ్చిన బంధువులా. వాటి మధ్యలోంచి గాలి తిరుగుతూ ఉండేది. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆయన వాటిని చూస్తూ, వాటి నడుమ ఖాళీలు చూస్తూ ఎంతసేపైనా పడుకునేవారు. అన్నీ వచ్చేవి గానీ అ రాలేదు. లేచాక టీ ఇస్తూ లలితకుమారి, "నిద్రలో నవ్వుతున్నారు, ఎవరండీ వచ్చింది?" అనేది. "మనవాళ్లే," అనేవారు ఆయన.

అ ని కావాలనే ఆఖరికి ఉంచుకున్నారు. వాచకం మొదటి పేజీలో అరచేయంత అ వస్తుంది. పుస్తకం తెరవగానే కనపడేది అదే. మిగతావన్నీ గీసి చెయ్యి బాగా తిరిగాక దాన్ని పట్టుకుందాం అనుకున్నారు. తిరగడం మాట అటుంచండి, ఆగస్టు వచ్చేసరికి ఆ చెయ్యి ఊపిరి బిగబట్టినా మాట వినడం మానేసింది.

నాలుగు రోజులు వాన. నెహ్రూ ప్లేస్ మెట్లమీద నీళ్లు కారుతున్నాయి. బసవపున్నయ్య గారు తలుపు వేసుకుని అ గీశారు. లోపలి సుడి బాగానే వస్తుంది. కింద పొట్ట తిరిగే చోట చెయ్యి కొట్టుకుంటుంది. నలభై కాగితాలు చింపారు. కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టి చూశారు. బల్లకి ఆనించి చూశారు. నలభై ఒకటో కాగితం మీద అ దాదాపు వచ్చింది. పొట్ట దగ్గర చిన్న అలలాంటిది ఉంది, పట్టి చూస్తే తప్ప తెలియదు. కళ్లజోడు తీసి చూశారు. కళ్లజోడు లేకపోతే ఆ అల లేదు. దింపేటప్పుడు ఆ పిల్ల ఎలాగూ నునుపు చేస్తుందిలే, అందరూ చేసేదే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నారు. తనే వద్దని కోప్పడ్డ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. గుర్తు రాకూడదని కోరుకున్నారేమో కూడా.

ఇషితకి గుర్తుంది. ఆ పిల్లకి తెలుగు అ ఎలా ఉండాలో తెలియదు. అంకుల్ చేతిలో తప్పు రాదని మాత్రం తెలుసు. పొట్ట దగ్గర నాలుగు చిన్న ఎత్తుపల్లాలు కనపడితే, ఇది తెలుగులో ఒక నగిషీ కాబోలని, ఒక్కొక్కదానికీ చుక్కలు పెట్టి, ఒక సాయంత్రమంతా కూర్చుని జాగ్రత్తగా దించింది.

డిసెంబరులో పుస్తకాలు ఆఫీసుకి వచ్చాయి. లాన్‌లో ఎండలో కూర్చుని వేరుసెనక్కాయలు వలుస్తున్న బసవపున్నయ్య గారికి ఒక కాపీ తెచ్చి ఇచ్చారు. ఆయన అట్ట తిప్పారు. మొదటి పేజీలో అరచేయంత అ. దాని పొట్ట వణుకుతోంది. కాగితం మీద అచ్చయిన అక్షరం వణకదు గదా, కానీ ఆయన కళ్లకి అది వణుకుతూనే ఉంది. ముప్పై ఏళ్లు తెల్లరంగు ముట్టని మనిషి దాచుకున్న వణుకు లక్షల కాపీల్లో వెళ్లిపోయింది. ఢిల్లీలో ఎవరికీ అది తప్పని తెలియలేదు. హాల్లోవాళ్లు భుజం తట్టి అభినందించారు. ఆయనకి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. బల్ల దగ్గరికి వెళ్లి ఎండిపోయిన తెల్లరంగు సీసా తీసి చెత్తబుట్టలో వేశారు.

మర్నాడే నెహ్రూ ప్లేస్ వెళ్లారు. రెండో ముద్రణ ఫిబ్రవరిలో ఉంది. ఇషితకి వేలు పెట్టి చూపించి, ఇది తీసెయ్యమన్నారు.

"అచ్ఛా? ఇది డిజైన్ కాదా అంకుల్?"

"కాదు."

ఎందుకొచ్చిందో ఆ పిల్ల అడగలేదు. ఆయన చెప్పలేదు, చెయ్యి జేబులోనే ఉంది. ఇషిత నాలుగు చుక్కలు ఎంచి చెరిపేసింది. పొట్ట నున్నగా, చంద్రవంకలా తిరిగింది. నిమిషం పట్టలేదు. నాలుగు రోజుల వానలో నలభై కాగితాలు చింపి సాధించలేనిది కళ్లముందు నిమిషంలో అయిపోతే, సంతోషించాల్సింది పోయి ఆయన తెర మీంచి చూపు తిప్పుకున్నారు. బాగుందని చెప్పి వచ్చేశారు.

జనవరి నెలాఖర్లో ఆఫీసుకి కార్డులు రావడం మొదలైంది. పుస్తకం వెనక చిరునామా ఉంది. చదువు నేర్చుకున్నవాళ్లతో గురువులు మొదటి ఉత్తరం అక్కడికే రాయిస్తున్నారు. తెలుగు కార్డులన్నీ బసవపున్నయ్య గారి బల్ల మీదికే వచ్చేవి, చదివే దిక్కు ఇంకెవరూ లేరు మరి. పేరూ, ఊరూ, నమస్కారం, అంతే ఉండేది వాటిలో. అక్షరాలు మాత్రం ఒక్కొక్కటి రేగిపండంత. వాటిలో తన ణ కనపడేది, తన తలకట్లు కనపడేవి. చదివి కట్ట కట్టేవారు. ఒకరోజు మధ్యాహ్నం వాటిలో ఒక కార్డు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ప్రకాశం జిల్లా ముద్ర. మొత్తం వంకరటింకరగా, ప్రతి గీతా వణుకుతూ ఉంది.

"అయ్యా నా పేరు అంకయ్య. రాళ్లు కొట్టేవాడిని. నాకు చెయ్యి వనుకుద్ది. అందుకని బలపం పట్టలేదు. అందరూ నవ్వుతారని. మీ పుస్తకంలో అ కూడా వనికింది. నాబోటి వాడు ఎవురో రాసినాడు అనుకున్నా. అప్పుడు పట్టినా. ఇది నేనే రాసినా."

బసవపున్నయ్య గారు ఆ కార్డు ఎన్నిసార్లు చదివారో తెలియదు. హాల్లో వాలిన ఎండ బల్ల మీది నుంచి కిందికి దిగి గోడ దాకా పాకింది. మిగతా నలుగురూ టీకి వెళ్లి వచ్చారు కూడా. ఎక్కడో రాళ్ల క్వారీ పక్కన ఒక ముసలాయన పలక ఒళ్లో పెట్టుకుని, ఆ పొట్ట తిరిగే చోట తనలాగే ఊపిరి బిగబడుతున్నాడు. ఆయన కళ్లు తుడుచుకుని, గబగబా లేచి, సంచీ కూడా మర్చిపోయి బస్సెక్కారు. ఆ రోజు గాల్లో ఏమీ రాయలేదు.

నెహ్రూ ప్లేస్‌లో పార్థసారథి, ఇషిత రెండో ముద్రణకి వెళ్లాల్సిన ఫ్లాపీలు కవర్లో పెడుతున్నారు.

"అ మార్చాలి," అన్నారు బసవపున్నయ్య గారు రొప్పుతూ. "పాతదే పెట్టాలి."

పార్థసారథి తెల్లబోయాడు. "మీరే కదా సార్ దిద్దమన్నది. ఇంతకీ రెండిట్ల ఏది కరెక్టు?"

బసవపున్నయ్య గారు జేబులోంచి కుడిచెయ్యి తీసి ఇద్దరి ముందూ బల్లమీద పెట్టారు. వేళ్లు వాటంతటవే బల్లని మెల్లగా కొడుతున్నాయి. ఎనిమిది నెలల్లో ఆ చేతిని మనుషుల ముందు పెట్టడం అదే మొదటిసారి.

"ఇదీ దాని అసలు సంగతి," అన్నారు. "నగిషీ కాదు, డిజైనూ కాదు. మీరు బయట అమ్ముకునే అక్షరాల్లో నున్నటిది పెట్టుకోండి, నాకేం బాధ లేదు. ఈ వాచకంలో మాత్రం ఇదే ఉండాలి." కార్డు తీసి పార్థసారథికి ఇచ్చారు. అతను చదువుకుని, ఇషితకి హిందీలో మెల్లగా చదివి చెప్పాడు. ఆ పిల్ల కవర్లోంచి ఫ్లాపీ బయటికి తీసింది.

"పాతది చెరపలేదు అంకుల్," అంది. "ఒక సాయంత్రమంతా కూర్చుని దించాను దాన్ని. పారెయ్యబుద్ధి కాలేదు."

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. లలితకుమారి టీ తెచ్చింది. గ్లాసు సగమే ఉంది. బసవపున్నయ్య గారు దాన్ని ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశారు.

"ఏంటి లలితా, సగమే పోశావు?"

"ఆర్నెల్లనుంచీ సగమే పోస్తున్నాను," అందావిడ. "నిండా పోస్తే చేతిమీద ఒలకబోసుకుంటున్నారుగా. రెండోసారి అడిగితే రెండోసారి పోస్తున్నా. మీరు గమనిస్తేనా."

ఆయన గ్లాసు వంకా, ఆవిడ వంకా చూశారు. ఆవిడేమో ఏమీ జరగనట్టు చీరకొంగుతో బల్ల తుడిచి, "ఏదైనా రాసుకుంటారా, లైటు వెయ్యనా?" అంది.

"ఒక కార్డు రాయాలి."

ఆగస్టు తర్వాత ఆయన చేత్తో ఏదీ రాయలేదు. సంతకం తప్పనిసరైనప్పుడు గదిలో ఎవరూ లేకుండా చూసుకుని పెట్టేవారు. ఇప్పుడు లలితకుమారి ఎదురుగా కూర్చుని చూస్తుండగా, పోస్టుకార్డు ముందు పెట్టుకుని పెన్ను మూత తీశారు. "అంకయ్య గారికి" అని మొదలుపెట్టాలి. లోపలి సుడి బాగానే వచ్చింది. కింద పొట్ట దగ్గర చెయ్యి కొట్టుకుంది. ఊపిరి బిగబట్టలేదు. మామూలుగా గాలి పీల్చుకుంటూ, వణికినంతా వణకనిచ్చి, పైకి తిప్పి, పక్కన సున్నా చుట్టారు.